మందు కొట్టని మడి

మిరప పువ్వొకటి కోసి తెల్ల కాగితం మీద తట్టండి. నల్లటి నలుసులు రాలి పరుగు తీస్తే అవి నల్ల తామర పురుగులే. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటల్లో పూత రాల్చి ఏడిపించినవి ఇవే.

పురుగు పడినప్పుడు ఎరువుల దుకాణం దగ్గర ఓ మాట వినిపిస్తుంది: "ఫలానా మందు కొట్టా, వారానికి సగం పురుగు పోయింది." రైతు అబద్ధం చెప్పడం లేదు. కానీ పోయింది మందుకేనా?

లెక్క కోసం ఇలా అనుకుందాం. కొట్టకముందు పువ్వుకు 10 పురుగులు, వారానికి 4. అంటే 60 శాతం తగ్గుదల. మధ్యలో ఓ గట్టి వాన పడింది. పక్కనే ఉత్త నీళ్లు కొట్టిన మడిలో కూడా 10 కాస్తా 6 అయ్యాయి. ఆ 6ను 4 చేసినంత వరకే మందు పని. అది మూడో వంతు. మిగతాది వాన, పిచికారీ నీళ్ల చలవ. నీళ్ల మడి లేకపోతే ఈ సంగతి బయటపడదు. దాన్ని ఊరికే వదిలేయకుండా నీళ్లెందుకు కొట్టాలంటే, పిచికారీ తాకిడికే కొన్ని పురుగులు రాలతాయి.

ఇక మడుల అమరిక. కాలువ వైపు పైరు ఏపుగా ఉంటుంది, చివర గిడసబారుతుంది. నచ్చిన మందును కాలువ పక్కన పెడితే గెలిచేది నేలే. అందుకని చేనును కాలువ నుంచి చివరిదాకా అడ్డంగా నాలుగు పట్టీలుగా విడదీసి, ప్రతి పట్టీలోనూ మందు, వేపనూనె, నీళ్లు మూడూ ఉంచాలి. ఏది ఏ మడిలోనో చీటీలు తీయాలి, అన్నదమ్ముల పంపకాల్లో తీసినట్టు. 1919లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్ ఈ చీటీల పద్ధతికి గణిత బలం ఇచ్చాడు.

పురుగు ఎగురుతుంది, మందు గాలికి పక్క మడిలో పడుతుంది. కాబట్టి అంచు సాళ్లు వదిలి నడిమి మొక్కల్లోనే లెక్కపెట్టాలి. లెక్కపెట్టే మనిషికి ఏ మడిలో ఏం కొట్టారో చెప్పకూడదు. తెలిస్తే కన్ను కూడా పక్షపాతం చూపుతుంది. మడికి నంబరు చీటీ కడితే చాలు.

"పురుగు కళ్లముందు తింటుంటే మందు కొట్టకుండా ఎలా వదలమంటారు?" అని రైతు అడగడం న్యాయమే. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున నీళ్ల మడులు నాలుగూ కలిపితే రెండు సెంట్లు. మందు కొట్టకుండా వదిలేది అంతే.