జేబులోని చక్కెర

నవంబరు 14వ తేదీ వచ్చినదంటే పాఠశాలలలో సందడే సందడి. నెహ్రూ జయంతి కనుక అది బాలల దినోత్సవము. ఆటలు, పాటలు, ఉపన్యాసములు ముగిసిన పిమ్మట పిల్లలకు మిఠాయిలు పంచుట ఆనవాయితీ. ఆ వరుసలో ఎక్కడో ఒక బాలిక తనకిచ్చిన మిఠాయిని తినక గుప్పిట దాచుకొనును. ఎందుకు తినలేదని పక్కనున్న స్నేహితురాలు అడిగితే, పన్ను నొప్పి అని బొంకును. ఆమెకున్నది పన్ను నొప్పి కాదు, మధుమేహము. అదే నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినము కూడా. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో ఆనాడే జన్మించినాడు. రెండు పండుగలు ఒకే నాడు వచ్చుట యాదృచ్ఛికమే. కాని ఆ బాలిక విషయములో రెండును ఒక్కటే.

మధుమేహమనగానే అది నడివయసు దాటినవారి జబ్బని, తీపి మీది మోజు వలన వచ్చునని లోకము తలచును. సుశ్రుత సంహిత ఏనాడో ప్రమేహమును రెండు విధములుగా విభజించినది: పుట్టుకతో వచ్చునది ఒకటి, అపథ్యము వలన వచ్చునది మరియొకటి. మొదటిదానికి లోనైనవాడు కృశించి, దప్పికతో బాధపడుననియు, రెండవవాడు స్థూలకాయుడై యుండుననియు చెప్పినది. నేటి వైద్యుల విభజన అచ్చముగా ఇదే కాకపోయినను, రెండింటిని ఒకే గాట కట్టరాదన్న వివేకము మాత్రము పాతదే.

పిల్లలలో ఎక్కువగా కనిపించునది టైప్ 1 మధుమేహము. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్‌ను తయారుచేయు కణములను నాశనము చేయును. ఇన్సులిన్ లేనిచో తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో నిలిచిపోవునే గాని కండకు పట్టదు. ఇది తీపి తినుట వలన వచ్చినది కాదు. తల్లిదండ్రుల అజాగ్రత్త ఫలము కాదు. ఒకరి నుండి మరియొకరికి అంటునది అంతకన్న కాదు. ఇన్సులిన్‌ను ప్రతిదినము బయటినుండి అందించుట తప్ప గత్యంతరము లేదు. దానిని మాని ఆకుపసరులను నమ్ముకొనుట ప్రాణముతో చెలగాటము.

నూరేండ్లకు పూర్వము ఈ వ్యాధి సోకిన పిల్లలకు వైద్యులు ఇవ్వగలిగినది పస్తు మాత్రమే. ఆహారమును తగ్గించి, తగ్గించి, మరణమును కొన్ని నెలలు వాయిదా వేసెడివారు. 1922 జనవరి 11న టొరంటో నగరములో లెనార్డ్ థామ్సన్ అను 14 ఏండ్ల బాలునికి మొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చిరి. ఆ మందు శుద్ధమైనది కాకపోవుటచే ఆశించిన గుణము కనిపించలేదు. కోలిప్ అను శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధి చేయగా, జనవరి 23న మరల ఇచ్చిరి. బాలుడు తేరుకొన్నాడు, ఆపైన 13 ఏండ్లు జీవించినాడు. ఇన్సులిన్‌తో మొదట బ్రదికిన రోగి బడికి పోవు వయసువాడన్న సంగతి ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగినది.

నేడు మందు ఉన్నది. కాని మందుతో కూడిన జీవితము సుళువైనది కాదు. తొమ్మిదవ తరగతి చదువు బాలిక తెల్లవారగనే వేలు గుచ్చి, నెత్తుటి బొట్టుతో చక్కెర పాళ్ళు చూచుకొనవలెను. తినబోవు ఇడ్లీలు ఎన్నో లెక్కించి, దానికి తగిన మోతాదు పొడుచుకొనవలెను. మధ్యాహ్నము బడిలో మరల అదే పని. భోజనము ఆలస్యమైనను, డ్రిల్లు పీరియడులో ఎక్కువగా పరుగెత్తినను లెక్క తప్పును. ఫ్రిజ్ లేని ఇండ్లలో ఎండకాలము వచ్చినచో, ఒక కుండలో మరియొక కుండను నిలిపి, నడుమ తడి ఇసుక పోసి మందును చల్లగా కాపాడుకొందురు. తోటివారు లెక్కల పీరియడులో మాత్రమే చేయు లెక్కలను ఈ బాలిక పగలు, రాత్రి చేయుచునే యుండును.

ఈ కష్టము కన్న పెద్దది మరియొకటి ఉన్నది: దాపరికము. "ఎవ్వరితోనూ అనకే తల్లీ! రేపు నీకు సంబంధాలు చూడవద్దా?" అని తల్లి బతిమాలును. అందుచే బాలిక బడిలో సూది ముట్టదు. మధ్యాహ్నపు మోతాదు మానివేయును. దప్పిక, మాటిమాటికి బయటికి పోవలసివచ్చుట మొదలగును. అడిగితే పంతులుగారు కోపగింతురేమోనని ఓర్చుకొనును. ఒక్కొక్కప్పుడు చక్కెర పడిపోయి చెమట పట్టును, చేతులు వణకును, చూపు మసకబారును. "ఏమమ్మా, రాత్రి నిద్ర పోలేదా?" అని పంతులుగారు మందలింతురు. ఆయన తప్పేమున్నది? ఆయనకు ఎవరు చెప్పినారు?

దాచుకొని నెగ్గినవారు లేకపోలేదు. అమెరికా విదేశాంగ మంత్రి కుమార్తె ఎలిజబెత్ హ్యూస్ 1922 ఆగస్టులో బాంటింగ్ వద్దకు చేరునాటికి ఆమెకు పదునైదేండ్లు నిండబోవుచున్నవి. బరువు మాత్రము 20 కిలోలు. ఇన్సులిన్‌తో కోలుకొని, కళాశాల చదువు ముగించి, పిల్లలను కని, 73 ఏండ్లు జీవించి 1981లో కన్నుమూసినది. వ్యాధి సంగతి అతి కొద్దిమందికే తెలియనిచ్చినది. కాని ఆమెకు సంపన్న కుటుంబపు అండ ఉన్నది. ప్రభుత్వ పాఠశాలలో అరువదిమంది నడుమ కూర్చున్న బాలికకు ఆ అండ లేదు. ఆమెకు దాపరికము కవచము కాదు, ఉరి.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు. నాలుగు సంగతులు తెలిసిన చాలును. దప్పికకు నీరు త్రాగుటకు, బయటికి పోవుటకు అడ్డు చెప్పరాదు. వణకు, చెమట, తికమక కనిపించినచో ఆలస్యము చేయక మూడు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించవలెను. పావుగంటలో తేరుకొననిచో మరల ఇవ్వవలెను. ఆ స్థితిలో ఒంటరిగా ఇంటికి పంపరాదు. స్పృహ తప్పినచో నోటిలో ఏమియు పోయక, పక్కకు త్రిప్పి పరుండబెట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఇది దయాదాక్షిణ్యముల మాట కాదు. 2017లోనే కేంద్ర మాధ్యమిక విద్యా మండలి ఇట్టి విద్యార్థులు పరీక్షా మందిరమునకు చక్కెర బిళ్ళలు, పండ్లు, నీరు తీసికొని పోవచ్చునని ఉత్తరువిచ్చినది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘము, తరగతిలోనే పరీక్ష చేసికొనుటకు, మందు తీసికొనుటకు అనుమతింపవలెనని రాష్ట్రములను కోరినది.

ఇక విద్యార్థుల వంతు. తోటి బాలిక సూది తీసినచో వింతగా చూడకుండుటయే మొదటి స్నేహము. ఆ బాలిక వంతు అన్నిటికన్న కష్టమైనది: ఒక ఉపాధ్యాయునికి, ఒక స్నేహితురాలికి నోరు విప్పి చెప్పుట. చెప్పిన మరునాటి నుండి మోతాదు మానవలసిన పని లేదు. దప్పిక ఓర్చుకొనవలసిన పని లేదు. బాలల దినోత్సవమున గుప్పిట దాచుకొన్న మిఠాయిని సంచిలో భద్రపరచవచ్చును. చక్కెర పడిపోయిన వేళ అదే ఆమెకు మందు. అది ఎక్కడ ఉన్నదో పక్క బల్ల మీద కూర్చున్న స్నేహితురాలికి కూడ తెలిసియుండవలెను.