ఒక ఇంటి వాయిదాలతో మరో ఇంటికి పునాది

హైదరాబాద్: అల్పాదాయ కుటుంబాలకు అందుబాటు వ్యయంతో సొంత ఇల్లు సమకూర్చే స్వచ్ఛంద సంస్థ హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మన దేశంలో తన కార్యక్రమాలను 1983లో ఖమ్మంలో ప్రారంభించింది. మిలార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఈ సంస్థను స్థాపించారు.

సంస్థ తొలినాళ్లలో రూపొందించుకున్న విధానం ప్రకారం లబ్ధిదారులు ఇంటి నిర్మాణంలో తమ శ్రమను వాటాగా అందించాలి. 2006లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మహారాష్ట్రలోని లోనావాలా సమీపంలో 100 ఇళ్ల నిర్మాణ కార్యక్రమంలో స్వయంగా పాల్గొన్నారు. లాభాపేక్ష లేకుండా అప్పగించిన ఇంటి ఖరీదును కుటుంబం వడ్డీ లేని వాయిదాలలో చెల్లించాలి. ఆ సొమ్ము నిధికి చేరి మరొక కుటుంబం ఇంటికి వినియోగమవుతుంది. అందువలన ఒకరు వాయిదా తప్పితే, వరుసలో ఉన్న మరొకరి నిరీక్షణ పెరుగుతుంది.

రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ల పథకం ఇందుకు భిన్నమైనది. సొంత స్థలం గల అర్హులకు 5 లక్షల రూపాయల ఆర్థిక సహాయం అందించడం దీని ఉద్దేశం. విధానం ఏదైనా, ఇంటికి స్థలమే మొదటి మెట్టు. కర్మన్‌ఘాట్ వంటి నగర ప్రాంతాలలో అద్దె ఇళ్లలో నివసించే అల్పాదాయ కుటుంబాలకు ఆ మెట్టు అందినప్పుడే సొంత ఇంటి ఆశ నెరవేరుతుంది.