చార్లెస్టన్ నగర గృహోద్యాన సందర్శనం

గృహం నాగరికతకు తొలి చిహ్నం. ఒక జాతి జీవన విధానాన్ని, అభిరుచులను, అంతరాలను ప్రాసాదాల కంటె నివాస గృహాలే స్పష్టంగా తెలియజేస్తాయి. ఈ సత్యానికి అమెరికాలోని చార్లెస్టన్ నగరం చక్కని నిదర్శనం.

దక్షిణ కరోలినా రాష్ట్రంలో, అట్లాంటిక్ సముద్ర తీరాన, 1670లో ఆంగ్లేయులు స్థాపించిన రేవు పట్టణం చార్లెస్టన్. వరి, నీలిమందు ఎగుమతుల వలన పద్దెనిమిదో శతాబ్దంలో ఈ పట్టణం సిరిసంపదలతో తులతూగింది.

ఇచ్చటి గృహనిర్మాణం విలక్షణమైనది. ఇంటి ఇరుకైన పక్క వీధి వైపు ఉంటుంది. ఆ పక్క వెడల్పు ఒక్క గది మాత్రమే. ఇంటి పొడవంతా స్థలం లోపలికి సాగుతుంది. ఆ పొడవు వెంబడి 'పియాజా' అనే వసారా ఉంటుంది. వీధి తలుపు తెరిస్తే అడుగుపెట్టేది గదిలోకి కాదు, ఈ వసారాలోకే. సముద్రపు గాలి సోకేటట్లు దీనిని సాధారణంగా దక్షిణం వైపుననో, పడమటి వైపుననో నిర్మించేవారు. పొరుగింటి వారి వసారా, తోట తమకు కనబడకుండా ఉత్తరపు గోడకు కిటికీలు తక్కువగా పెట్టుకోవడం ఆ ఊరి మర్యాద.

వసారాను ఆనుకొని తోట ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ నగరంలో అలెగ్జాండర్ గార్డెన్ అనే వైద్యుడు నివసించాడు. వృక్షశాస్త్రంలోనూ దిట్ట అయిన ఆయన గౌరవార్థం ఒక పూలమొక్కల ప్రజాతికి 'గార్డీనియా' అని నామకరణం జరిగింది. మన గంధరాజం ఈ ప్రజాతికి చెందినదే.

అంతర్యుద్ధానంతరం నగర వైభవం క్షీణించింది. ఇరవయ్యో శతాబ్దారంభంలో పాత ఇళ్ళు కూల్చివేతకు గురికాసాగాయి. వాటి రక్షణ కోసం 1920లో ఒక సంఘం ఏర్పడింది. 1931లో నగరపాలక సంస్థ ఒక చారిత్రక ప్రాంతాన్ని గుర్తించి, అందులోని కట్టడాల రక్షణకు శాసనం చేసింది. అమెరికాలో ఇటువంటి శాసనాలలో ఇదే మొదటిది. 1947లో స్థాపితమైన హిస్టారిక్ చార్లెస్టన్ ఫౌండేషన్ వసంతకాల గృహసందర్శనాలను ప్రారంభించింది. గృహస్థులు తమ ఇళ్ళను, తోటలను సందర్శకులకు తెరుస్తారు. ప్రవేశ రుసుము పరిరక్షణ కార్యక్రమాలకు వినియోగమవుతుంది.

అయితే ఈ సౌందర్యానికి మూలమైన శ్రమ ఎవరిది? వరి పొలాలలోను, నీలిమందు తోటలలోను చెమటోడ్చినవారు ఆఫ్రికా నుండి బలవంతంగా తెచ్చిన బానిసలు, వారి సంతతి. ఇటుకలు చేసినవారూ వారే. కొన్ని ఇటుకలపై వారి వేలిముద్రలు నేటికీ కానవస్తాయి. పెరటిలోని వంటశాలల మీది ఇరుకు గదులే వారి నివాసాలు. 1995లో ఫౌండేషన్ స్వాధీనమైన ఐకెన్-రెట్ భవనంలో అటువంటి గదులను మెరుగులు దిద్దక యథాతథంగా నిలిపి చూపుతున్నారు.

పరిరక్షణ సైతం కొందరికి కష్టం కలిగించింది. 1959 తరువాత ఆన్సన్‌బరో పేటలో అరవైకి పైగా ఇళ్ళు కొని పునరుద్ధరణకై విక్రయించినపుడు, అద్దెలకు ఉంటున్న పేదలు, వారిలో పలువురు నల్లజాతీయులు, ఆ పేట విడువవలసి వచ్చింది. ఇళ్ళు నిలిచాయి, నివాసులు చెదిరిపోయారు.

కాలక్రమంలో ఈ విస్మృతిని సవరించే ప్రయత్నాలు జరిగాయి. నగరంలోని ఎన్నో ఇనుప ద్వారాలను తీర్చిదిద్దిన నల్లజాతి కమ్మరి ఫిలిప్ సిమన్స్‌కు 1982లో జాతీయ పురస్కారం లభించింది. బానిసత్వంలో తన పాత్రకు నగరపాలక మండలి 2018లో క్షమాపణ ప్రకటించింది. బానిసల ఓడలు ఆగిన గాడ్స్‌డెన్ రేవు స్థలంలో 2023లో ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం వెలిసింది.

పురాతన గృహాన్ని దర్శించేవారు ముంగిలి శోభతో తృప్తి చెందక, పెరటి గదినీ చూడాలి. యజమాని పేరుతోపాటు, ఆ గోడలు కట్టిన చేతులనూ స్మరించినపుడే వారసత్వ పరిరక్షణ సార్థకమవుతుంది.