ఆరుతో మొదలు... ఆరోది ఎక్కడ?

ఉగాది పంచాంగంలోని అరవైకి, ఇరవై నాలుగంకెల ఓ మహాసంఖ్యకు చుట్టరికం ఉంది. దాన్ని వెతికే దారి వేసినవారిలో ఓ తెలుగు గణితవేత్త ఉన్నారు!

జగిత్యాల జిల్లా మల్యాలలో అయినా, అటు గుంటూరు సీమలో అయినా ఉగాది నాడు పంచాంగం విప్పితే కొత్త సంవత్సరం పేరు వినాల్సిందే. ప్రభవ నుంచి అక్షయ దాకా మొత్తం అరవై పేర్లు. ఆ 60 లెక్కల లోకంలోనూ ప్రత్యేకమే.

ముందు 6 సంగతి చూద్దాం. దాన్ని శేషం లేకుండా భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. మూడూ కలిపితే మళ్లీ ఆరే! ఇలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. 28 కూడా అంతే. రెండు వేల ఏళ్ల కిందటే గ్రీకులు వీటి గురించి రాశారు. 60కి ఇదే పరీక్ష పెడితే మొత్తం 108 వస్తుంది. అంటే తప్పినట్టే.

నియమం మారిస్తే...

60ని 4తో భాగిస్తే 15. ఈ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. అలాంటి జంటలనే ఉంచాలి. 2తో భాగిస్తే 30 వస్తుంది. రెండింటిలోనూ 2 ఉంది కాబట్టి ఆ జంటను కొట్టేయాలి. చివరికి 60 కాక మిగిలేవి 1, 3, 4, 5, 12, 15, 20. కూడి చూడండి... సరిగ్గా 60! వీటినే 'యూనిటరీ పర్‌ఫెక్ట్ నంబర్లు' అంటారు.

వీటి వేట మొదలుపెట్టింది మతుకుమల్లి వెంకట సుబ్బారావు. 1921లో గుంటూరు సీమలోని యాజలిలో పుట్టారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1963లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1966లో ఎల్.జె. వారెన్‌తో కలిసి రాసిన వ్యాసంలో 6, 60, 90, 87360 అనే నాలుగింటిని చూపించారు. బేసి సంఖ్యల్లో ఇలాంటివి ఉండవనీ తేల్చారు.

అయిదోది ఇదిగో!

మూడేళ్లకు చార్లెస్ వాల్ మరొకటి పట్టుకున్నారు. అది 146361946186458562560000. ఇందులో 12 ప్రధాన సంఖ్యలు దాగున్నాయి. 2 పద్దెనిమిది సార్లు, 5 నాలుగు సార్లు, మిగతా పదీ ఒక్కోసారి. నియమానికి నిలిచే 4095 చిన్న భాజకాలను కూడితే మళ్లీ అదే సంఖ్య! 87360కి, దీనికి మధ్య మరొకటి లేదని 1975లో వాల్ నిరూపించారు.

మరి ఆరోది? ఇంతవరకు దొరకలేదు. ఉంటే దాని విభజనలో కనీసం తొమ్మిది వేర్వేరు బేసి ప్రధాన సంఖ్యలుండాలని 1988లో వాల్ తేల్చారు. అసలు ఇలాంటి సంఖ్యలు ఎక్కడో ఒకచోట ఆగిపోతాయని సుబ్బారావు ఊహ. అది నిజమో కాదో తేలకుండానే 2006లో ఆయన ఎడ్మంటన్‌లో కన్నుమూశారు.

60 సంగతి బడిపిల్లలైనా పలక మీద తేల్చేస్తారు. ఆరో సంఖ్య ఉందో లేదో చెప్పడానికి మాత్రం ప్రపంచం ఇంకా తల పట్టుకునే ఉంది!