పంటి వేరుకు తగిలిన దెబ్బ: ఎక్స్‌రే చెప్పలేని సంగతి

అనకాపల్లి చెరకునకు, బెల్లమునకు పేరువడిన సీమ. 1913 నుండియు ఇచ్చట చెరకు పరిశోధనా కేంద్రము కలదు. గడను పంటితో చీల్చి తినుట పిల్లలకే గాదు, పెద్దలకును సరదాయే. కణుపు కొరికినప్పుడో, మోటారు సైకిలు మీదనుండి పడినప్పుడో పంటికి దెబ్బ తగులును. ఎక్స్‌రే తీయింతురు. “ఫొటోలో ఏమియు లేదు” అనగానే నిశ్చింతగా ఇల్లు చేరుదురు. కొన్నాళ్లకు చిగురు వాచి చీము పట్టును. ఎక్స్‌రే అబద్ధమాడినదా? ఆడలేదు, దానికి కనబడినంతయే చెప్పినది.

ఎక్స్‌రే చిత్రమనగా పంటి నీడ. నీడకు మందముండదు. తలుపు సందులోని వెలుగు సూటిగా నిలిచిన వానికే కనిపించును, ఓరగా నిలిచిన వానికి చెక్కయే కనిపించును గదా! వేరులోని పగులును అట్టిదే. కిరణము పోవు దారిలో నున్నచో నల్లని గీతగా తేలును, లేనిచో దాగిపోవును. అందుచేతనే వైద్యులు కోణము మార్చి రెండు మూడు చిత్రములు తీయుదురు. తొలి దినములలో ముక్కలు ఎడబాయకుండుటచే కనబడని గీత తరువాత కనబడుటయు కలదు. వేరు చుట్టునున్న ఎముక కరగుట సైతము, అందలి ఖనిజము చాలవరకు పోయినగాని చిత్రమున తెలియదు. నిలువు చీలిక మరియు కష్టము. వేరు శుభ్రపరచి మందు నింపిన పంటిలో, తెల్లగా కనిపించు ఆ మందే చీలికను కప్పివేయును.

కోన్‌బీమ్ సీటీ యను యంత్రము పన్నును పొరలు పొరలుగా చూపును. అయినను లోహపు తొడుగో, వేరు మందో యున్నచో చారలు పడి, లేని చీలిక యున్నట్లు తోపవచ్చును. రేడియేషన్ కూడ సాధారణ చిత్రమునకన్న హెచ్చు. కావున అందరికిని అది అక్కరలేదు. కొరికించి చూచుట, చల్లదనము తెలియుచున్నదా యని పరీక్షించుట, సన్నని సలాక చిగురులో ఒక్కచోటనే లోతుగా దిగుచున్నదేమో కనుగొనుట — ఈ పాత పద్ధతులకు విలువ తగ్గలేదని మా యభిప్రాయము.

ఈ గొడవ పంచాయతీ సభ్యులకేల యనరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారము పన్ను విరుగుటయు, స్థానము తప్పుటయు తీవ్ర గాయము క్రిందికే వచ్చును. కొట్లాటలో దెబ్బతిన్న వానిని, మొదటి ఎక్స్‌రేలో ఏమియు లేదను మాటపై రాజీకి తొందరపెట్టుట న్యాయము కాదు. వేరు నడుమ విరిగిన పన్నును ప్రక్క పండ్లకు సుమారు నాలుగు వారములు కట్టి యుంచినచో చాలసార్లు నిలుచును. కదలు పంటిని వ్రేళ్లతో లాగి చూడరాదు. మొదటి చిత్రమును పారవేయక, వైద్యుడు చెప్పిన దినమున తిరిగి పోవునపుడు వెంట తీసికొని పోవలెను. రెండవ చిత్రమును పోల్చి చూచుటకు అదియే ఆధారము.