ఒక్కసారి ఓడితే ఇంటికేనా? వారం వారం ఆడుకునేందుకు దారులివీ

అనంతపురం: సంక్రాంతి, ఉగాది, ఊరి జాతర... సందర్భం ఏదైనా జిల్లాలో క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ పోటీలకు కొదవ లేదు. బండలాగుడు పోటీలు ముగిసిన మైదానంలోనే రాత్రి దీపాల వెలుగులో వాలీబాల్ మొదలవుతుంది. నగదు బహుమతులు, కప్పులు, దాతల పేర్లతో ఫ్లెక్సీలు వెలుస్తాయి. అయితే పండగ ముగిసిన మరునాటి నుంచే ఆ మైదానాలు బోసిపోతున్నాయి. ప్రతి ఆదివారం ఆడుకోవాలనుకునే బాలబాలికలు, ఉద్యోగులు, గృహిణులు ఎక్కడికి వెళ్లాలో తెలియక ఆటకే దూరమవుతున్నారు.

దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లాల్లో ఒకటిగా అనంతపురానికి పేరుంది. రైతుకు శాపమైన ఈ వాతావరణం క్రీడాకారుడికి మాత్రం కలిసొచ్చేదే. వాన కారణంగా ఆట నిలిచిపోయే రోజులు ఇక్కడ తక్కువ. కొరవడింది ఆడే రోజులు కాదు, ఆడించే ఏర్పాటు.

టోర్నమెంటు వేరు, లీగ్ వేరు

ఊళ్లలో జరిగే పోటీల్లో అధిక భాగం నాకౌట్ పద్ధతిలోనివే. 16 జట్లు బరిలోకి దిగితే విజేత తేలేందుకు 15 మ్యాచ్‌లు జరుగుతాయి. వాటిలో 8 జట్లు మొదటి మ్యాచ్‌తోనే ఇంటిముఖం పడతాయి. మరో 4 జట్లు రెండో మ్యాచ్‌తో వెనుదిరుగుతాయి. అంటే ప్రవేశ రుసుం చెల్లించి, పనులు మానుకుని వచ్చిన 16 జట్లలో 12 జట్లకు దక్కేది ఒకటి లేదా రెండు మ్యాచ్‌లే. ఎక్కువ ఆట అవసరమైన బలహీన జట్టుకే అతి తక్కువ ఆట దక్కుతుంది.

లీగ్‌లో ప్రతి జట్టు మిగిలిన అన్ని జట్లతోనూ తలపడుతుంది. 6 జట్లతో లీగ్ నిర్వహించినా జరిగేవి అవే 15 మ్యాచ్‌లు. కానీ ప్రతి జట్టుకూ 5 మ్యాచ్‌లు ఖాయం. మైదానం, అంపైర్లు, బంతుల ఖర్చు దాదాపు ఒక్కటే. మొదటి వారం ఓడిన జట్టు రెండో వారం తప్పు దిద్దుకునే అవకాశం ఉండటమే ఇక్కడ తేడా.

ప్రభుత్వం నిర్వహించిన పోటీలూ ఇందుకు మినహాయింపు కాదు. 2023 డిసెంబరు 26న మొదలై 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ముగిసిన ‘ఆడుదాం ఆంధ్రా’లో 15 ఏళ్లు నిండిన వారికి క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పోటీలు జరిగాయి. సచివాలయ స్థాయిలో గెలిచిన వారు మండలానికి, అక్కడి నుంచి నియోజకవర్గ, జిల్లా, రాష్ట్ర స్థాయిలకు చేరారు. ఓడిన వారికి మాత్రం ఆట అంతటితో ముగిసింది.

పిల్లలకు తొలి మెట్టు పాఠశాలే

బడికి వెళ్లే పిల్లల విషయంలో ముందుగా సంప్రదించాల్సింది వ్యాయామ ఉపాధ్యాయుడినే. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలు 14, 17, 19 ఏళ్లలోపు విభాగాల్లో జరుగుతాయి. బడి తెరిచిన తొలి వారాల్లోనే పేరు నమోదు చేయించుకుంటే మండల స్థాయి ఎంపికల తేదీలు ముందుగా తెలుస్తాయి. వ్యాయామ ఉపాధ్యాయుడు లేని బడి అయితే సమీప ఉన్నత పాఠశాలలో విచారించాలి. పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డుల్లో తేదీలు ఒకేలా ఉన్నాయో లేదో అప్పుడే సరిచూసుకోవాలి. వీటిలో తేడా ఉండి ఎంపికల రోజున వెనుదిరగాల్సి వస్తే ఆ బాధ పిల్లలదే.

రెండో చోటు జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ. వేసవి శిక్షణ శిబిరాల సమాచారం, శిక్షకుల వివరాలు, ఏ క్రీడకు ఏ సంఘం బాధ్యత వహిస్తుందన్న విషయం ఇక్కడ తెలుస్తాయి. క్రీడా సంఘాల ఎంపికల ప్రకటనలు పత్రికల జిల్లా పేజీల్లో చిన్న వార్తలుగా వస్తుంటాయి. వీటిని రోజూ గమనించడం మేలు.

అనంతపురానికి ప్రత్యేకమైన మరో వనరు గ్రామీణాభివృద్ధి ట్రస్టు. ఆర్డీటీగా అందరికీ తెలిసిన ఈ సంస్థ 2000లో నెలకొల్పిన క్రీడాగ్రామం క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ, టెన్నిస్, జూడోలకు పేరు పొందింది. స్పెయిన్ టెన్నిస్ క్రీడాకారుడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ సహకారంతో 2010లో ఇక్కడే టెన్నిస్ పాఠశాల ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లకూ ఈ మైదానమే వేదికైంది. పేద కుటుంబాల పిల్లలకు ఆట నేర్పే ఉద్దేశంతో పెరిగిన సంస్థ కావడంతో, గ్రామీణ తల్లిదండ్రులు సంకోచించకుండా విచారించవచ్చు.

పెద్దలకూ ఆట ఉంది

ఉద్యోగం, వ్యవసాయం, సంసారం మీద పడ్డాక ఆట పిల్లలదేనన్న భావన బలపడింది. ప్రభుత్వ ఉద్యోగులకు సివిల్ సర్వీసెస్ క్రీడల జిల్లా ఎంపికలు జరుగుతాయి. శాఖలో సమాచారం రాకుంటే క్రీడా ప్రాధికార సంస్థను అడగాలి. నడి వయసు వారికి మాస్టర్స్ అథ్లెటిక్స్ ఉన్నాయి. ప్రపంచ స్థాయిలో ఈ విభాగం 35 ఏళ్ల నుంచి మొదలై, ఐదేళ్లకో వర్గం చొప్పున సాగుతుంది. 60 ఏళ్ల వ్యక్తి 40 ఏళ్ల వ్యక్తితో పోటీ పడాల్సిన పని లేదు.

ఇవేవీ వద్దు, సరదాగా ఆడుకుంటే చాలనుకునే వారు తెల్లవారుజామున కళాశాల మైదానాలకు, షటిల్ కోర్టులకు వెళ్లి చూడాలి. అక్కడ రోజూ ఆడే బృందాలే అసలైన చిరునామా. నడక బృందాల వారికీ వీటి సంగతి తెలిసి ఉంటుంది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఆట మొదలుపెట్టేవారు, బీపీ, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుడిని సంప్రదించడం తప్పనిసరి.

రుసుం చెల్లించే ముందు

పిల్లల ఆశను సొమ్ము చేసుకునే వారూ లేకపోలేదు. జాతీయ స్థాయి అని, విదేశాల్లో పోటీలని చెప్పి వేలకు వేలు వసూలు చేసే పోటీల పట్ల జాగ్రత్త అవసరం. ధ్రువపత్రం ఇస్తామంటే, అది క్రీడా కోటాకు చెల్లుతుందా లేదా అన్నది క్రీడా ప్రాధికార సంస్థలో నిర్ధారించుకున్నాకే డబ్బు కట్టాలి. లీగ్ నిర్వాహకులను ఐదు ప్రశ్నలు అడగాలి. తమ బిడ్డకు కనీసం ఎన్ని మ్యాచ్‌లు దక్కుతాయి? ప్రతి మ్యాచ్‌లో ఎంతసేపు ఆడిస్తారు? వయసును ఎలా నిర్ధారిస్తారు? తాగునీరు, ప్రథమ చికిత్స ఉన్నాయా? బాలికలకు మహిళా శిక్షకురాలు, మరుగుదొడ్డి ఉన్నాయా? సూటిగా సమాధానం రాకుంటే అక్కడికి పంపకపోవడమే మంచిది.

లేకుంటే ఊరే లీగ్

దగ్గరలో ఏ లీగూ లేకుంటే 6 జట్లు, ఒక మైదానం, 5 ఆదివారాలు చాలు. పక్కపక్క ఊళ్ల నుంచి ఒక్కో జట్టు వచ్చినా సరిపోతుంది. జట్లకు 1 నుంచి 6 వరకు సంఖ్యలిచ్చి ఈ క్రమంలో ఆడించవచ్చు.

మొదటి వారం: 1-6, 2-5, 3-4
రెండో వారం: 1-5, 6-4, 2-3
మూడో వారం: 1-4, 5-3, 6-2
నాలుగో వారం: 1-3, 4-2, 5-6
ఐదో వారం: 1-2, 3-6, 4-5

ప్రతి వారం ప్రతి జట్టుకూ ఒక మ్యాచ్ ఉంటుంది. ఎవరూ ఖాళీగా కూర్చోరు. గెలుపునకు 2 పాయింట్లు, సమమైతే చెరొకటి ఇచ్చి, పట్టికను పంచాయతీ కార్యాలయం గోడపై అతికిస్తే ఊరంతా చదువుతుంది. టెన్నిస్ బంతితో 8 ఓవర్ల క్రికెట్ అయితే ఉదయం ఆరింటికి మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా మూడు మ్యాచ్‌లూ ముగించవచ్చు.

పెద్ద మైదానం లేదని వెనుకాడనక్కర లేదు. కబడ్డీకి పురుషులకైతే 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు స్థలం చాలు. మహిళలకు 12, 8 మీటర్లు సరిపోతాయి. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటుంది. బడి మైదానం వాడుకోవాలంటే ప్రధానోపాధ్యాయుడికి, పాఠశాల యాజమాన్య కమిటీకి రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి.

పిల్లల లీగ్‌కు ఒక నియమం తప్పనిసరి. జట్టులో పేరున్న ప్రతి ఒక్కరినీ ఆడించాలి. జట్టుకు 8 మంది, 8 ఓవర్లు అనుకుంటే తలా ఒక ఓవర్ బౌలింగ్ దక్కుతుంది. బాగా ఆడే ఇద్దరే ఆటంతా ఆడి, మిగిలిన వారు బంతులు ఏరే పద్ధతికి దీంతో తెరపడుతుంది. పందేలు, మద్యం మైదానం దరి చేరనివ్వకపోతేనే తల్లిదండ్రులు పిల్లలను నమ్మి పంపుతారు.

ఆడపిల్లలు ఆగిపోకుండా

ఉన్నత పాఠశాలలో ఖోఖో, కబడ్డీ ఆడిన బాలికల్లో చాలామంది పదో తరగతితోనే ఆటకు స్వస్తి పలుకుతున్నారు. చీకటి పడ్డాక జరిగే పోటీలు, దూర ప్రయాణాలు, మగవారే నిండిన మైదానాలు ఇందుకు కారణాలు. ఊళ్లోనే, పగటిపూట, నిర్ణీత వేళకు జరిగే లీగ్ ఈ మూడింటికీ సమాధానమే. తల్లులకు కూడా ఒక జట్టు ఏర్పాటు చేస్తే ఇంటి నుంచి అనుమతి అడగాల్సిన అవసరమే తగ్గుతుంది.

విజేతలను తయారు చేసేందుకు శిబిరాలు, అకాడమీలు ఉన్నాయి. గెలవకపోయినా ఆడుకునే హక్కు మిగతా వారికీ ఉంది. పండగ పోటీలకు చందాలిచ్చే దాతలు అందులో కొంత భాగాన్ని ఇలాంటి లీగ్‌కు కేటాయిస్తే, పండగ లేని ఆదివారాల్లోనూ ఊరి మైదానం కళకళలాడుతుంది.