అవధి, అవిచ్ఛిన్నత: బిందువు వద్ద, బిందువు సమీపంలో

x → 2 అయినప్పుడు అవధి కనుక్కోమంటే చాలామంది విద్యార్థులు x స్థానంలో 2 ప్రతిక్షేపించి, వచ్చిన సంఖ్యను జవాబుగా రాస్తారు. చాలా లెక్కల్లో ఆ జవాబు సరిపోతుంది కూడా. అందుకే ఈ అలవాటు ఒక పట్టాన వదలదు.

ఈ గందరగోళంలో మన భాష పాత్ర కూడా కొంత ఉంది. “బస్టాండు దగ్గర ఉన్నాను” అన్న మనిషి బస్టాండులోనే ఉండవచ్చు, రెండు వీధుల అవతల ఉండవచ్చు. గణితంలో ఈ రెండింటినీ వేరు చేయాలి. ఈ పాఠంలో “a వద్ద” అంటే x = a అని అర్థం. “a సమీపంలో” అంటే x విలువ a కి చేరువగా ఉంది కాని a కాదు అని అర్థం. ప్రమేయం విలువ మొదటిదానికి సంబంధించింది. అవధి రెండోదానికి సంబంధించింది.

f(x) = (x² − 4)/(x − 2) తీసుకోండి. x = 2 వద్ద ఇది 0/0 అవుతుంది కాబట్టి f(2) నిర్వచితం కాదు. x ≠ 2 అయితే (x − 2)ని కొట్టివేసి f(x) = x + 2 అని రాయవచ్చు. ఆ తర్వాత x = 2 పెట్టి అవధి 4 అంటాం. ఇక్కడ ఆలోచించే విద్యార్థికి ఒక అనుమానం రావాలి: కొట్టివేసేటప్పుడు x ≠ 2 అన్నాం, మరుక్షణమే x = 2 అన్నాం, ఇదెలా కుదురుతుంది? 1734లో జార్జ్ బర్క్లీ “ది అనలిస్ట్” గ్రంథంలో ఇలాంటి అభ్యంతరమే లేవదీశాడు. కలనగణితం సరైన జవాబులే ఇస్తోంది కాని, దాని తర్కం నిలబడదన్నది అతని వాదన. దీనికి గట్టి సమాధానం రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. కోషీ 1821లో ప్రచురించిన పాఠ్యగ్రంథంలో అవధిని కేంద్రభావనగా నిలిపాడు. ఆ తర్వాత వయర్‌స్ట్రాస్ దాన్ని మనం నేడు చదివే ε, δ రూపంలో స్థిరపరిచాడు.

నిర్వచనం ఇది: ప్రతి ε > 0 కు, 0 < |x − a| < δ అయినప్పుడల్లా |f(x) − L| < ε అయ్యేట్లు ఒక δ > 0 ఉంటే, x → a అయినప్పుడు f(x) అవధి L అంటాం.

దీన్ని కంఠస్థం చేసేముందు వరుస గమనించండి. ముందుగా ఎదుటివారు ε ఇస్తారు, అంటే జవాబులో ఎంత తేడాను సహిస్తారో చెబుతారు. దాన్ని చూశాకే మనం δ ఎంచుకుంటాం. ఈ వరుస తారుమారైతే నిర్వచనం అర్థమే మారిపోతుంది. రెండో విషయం, 0 < |x − a| లోని ఆ “0 <”. చిన్న గుర్తే అయినా, x = a ను లెక్కలోంచి తీసేసేది అదే. మన ఉదాహరణలో x ≠ 2 అయితే |f(x) − 4| = |x − 2|. కనుక δ = ε తీసుకుంటే చాలు. ఎక్కడా x = 2 పెట్టలేదు కాబట్టి బర్క్లీ అభ్యంతరానికి ఇక తావు లేదు.

“x కు 0.1, 0.01, 0.001 ఇచ్చి కాలిక్యులేటర్‌తో చూస్తే సరిపోదా?” అని కొందరు అడుగుతారు. సరిపోదు. సైన్(π/x) తీసుకోండి. ఈ మూడు విలువలకూ జవాబు 0 వస్తుంది. పట్టికను నమ్మితే x → 0 అయినప్పుడు అవధి 0 అని రాసేస్తాం. కాని x = 2/401 అయితే విలువ 1, x = 2/403 అయితే −1. సున్నాకు ఎంత సమీపంగా వెళ్లినా 1, −1 రెండూ తగులుతూనే ఉంటాయి. ε = 1/2 ఇస్తే, ఏ L అయినా ఈ రెండింటికీ 1/2 కన్నా తక్కువ దూరంలో ఉండలేదు. కాబట్టి అవధి లేదు.

ఇక అవిచ్ఛిన్నత. f(a) నిర్వచితమై, a వద్ద అవధి ఉండి, ఆ రెండూ సమానమైతే f ప్రమేయం a వద్ద అవిచ్ఛిన్నం. ప్రతిక్షేపణ ఎప్పుడు చెల్లుతుందో ఇప్పుడు తెలిసింది: అవిచ్ఛిన్నత ఉన్నచోట మాత్రమే.

ఆదాయపు పన్నులో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానంలో 4 లక్షల రూపాయల వరకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల భాగంపై 5 శాతం, 8 నుంచి 12 లక్షల భాగంపై 10 శాతం, 12 నుంచి 16 లక్షల భాగంపై 15 శాతం. సెస్సును పక్కన పెడదాం. 8 లక్షలు దాటగానే మొత్తం ఆదాయంపై 10 శాతం పడుతుందని భయపడేవారున్నారు. అది నిజం కాదు. 8 లక్షల వద్ద ఎడమ అవధి, కుడి అవధి, శ్లాబుల ప్రకారం వచ్చే పన్ను మూడూ 20,000 రూపాయలే. రేటు ఒక్కసారిగా మారింది కాని పన్ను ప్రమేయం అవిచ్ఛిన్నం. రేఖ వాలు మారింది, రేఖ తెగలేదు.

12 లక్షల వద్ద కథ వేరు. అక్కడి వరకు రిబేటు వల్ల కట్టవలసిన పన్ను 0. శ్లాబుల ప్రకారం 12 లక్షలపై పన్ను 60,000. రిబేటు ఒక్కటే ఉండి ఉంటే ఎడమ అవధి 0, కుడి అవధి 60,000 అయ్యేవి. ఒక్క రూపాయి ఎక్కువ సంపాదించినవారు 60,000 పైచిలుకు కట్టవలసి వచ్చేది. ఈ గెంతు రాకుండా చట్టంలో మార్జినల్ రిలీఫ్ పెట్టారు: 12 లక్షలకు మించిన ఆదాయం కన్నా పన్ను మించకూడదు. ఆదాయం 12,50,000 అయితే శ్లాబుల పన్ను 67,500, కట్టవలసింది 50,000. దీంతో కుడి అవధి కూడా 0 అయింది. పన్నులో తేడా 100 రూపాయల లోపు ఉండాలని ఎవరైనా అడిగితే, ఆదాయంలో తేడా 100 లోపు ఉంచితే చాలు. ఇక్కడ కూడా δ = ε.

మీరు ప్రయత్నించండి:

మార్జినల్ రిలీఫ్ ఏ ఆదాయం వద్ద ముగుస్తుందో కనుక్కొని, ఆ బిందువు వద్ద ఎడమ, కుడి అవధులు సమానమని చూపండి. (సూచన: 12 లక్షలకు మించిన మొత్తాన్ని d అనుకుంటే d = 60,000 + 0.15d. దీని నుంచి d సుమారు 70,588 రూపాయలు.)

పై (x² − 4)/(x − 2) ప్రమేయానికి f(2) = 5 అని నిర్వచిస్తే x = 2 వద్ద అవధి మారుతుందా? అవిచ్ఛిన్నత వస్తుందా? జవాబుకు కారణాన్ని “0 <” గుర్తు ఆధారంగా రాయండి.